చెరువు గట్టు మీదికి జీపు వచ్చిన రోజు

మా ఆయన పోయాక నాగాయలంక అవతల రొయ్యల చెరువుల మీద వంటకి కుదిరాను. మేత చల్లే పనివాళ్లందరూ బెంగాల్ నుంచి వచ్చినోళ్లే. అందులో ఒక మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. ఆ పిల్ల నన్ను పిన్నీ అనేది. నా కూర తిని కారానికి కళ్లనీళ్లు పెట్టుకునేది, మళ్లీ అదే వెయ్యమనేది.

ఒక పొద్దున మేత చల్లుతుంటే గట్టు మీదికి జీపు వచ్చింది. "బంగ్లాదేశోళ్లు ఎవర్రా? ఆధార్ కార్డులు తియ్యండి" అన్నారు పోలీసులు. కార్డులెక్కడివి? పనిలోకి దిగిన రోజే చెరువుల ఆసామి తీసుకుని బీరువాలో పెట్టేసుకుంటాడు. రొయ్య పెరిగి, వలేసి పట్టుబడి అయ్యేదాకా ఇంకో చెరువుకి వెళ్లిపోకుండా. ఇక్కడ అందరూ చేసే పనే అది. ఆ ముక్క నేను మొత్తుకుంటుంటే వింటేనా! "నువ్వు పక్కకి జరుగు ముసలమ్మా" అని నలుగురు మగాళ్లని ఎక్కించుకుని పోయారు. ఆ పిల్ల మొగుడు మేత బకెట్టు చేత్తో పట్టుకునే జీపెక్కాడు.

ఆసామికి ఫోన్ చేస్తే ఎత్తడు. నేనూ ఆ పిల్లా ఆటో ఎక్కి చల్లపల్లిలో ఆయన ఇంటికి వెళ్లాం. టిఫిన్ తింటున్నాడు.

"ఎస్సైగారితో నేను మాట్లాడతాలే. కార్డులిచ్చేస్తే రేపే రైలెక్కేస్తారు. పది రోజుల్లో పట్టుబడి పెట్టుకుని..."

నాకు ఒళ్లు మండిపోయింది. "బాబుగారూ, చెరువులో గాలందక మీ రొయ్య తల పైకెత్తి కొట్టుకుంటే చొక్కా కూడా లేకుండా పరిగెత్తుకొస్తారే! మనుషుల్ని పట్టుకుపోతే మీకు ఇడ్లీ ఎలా దిగుతోందండీ? ఇస్తారా, కార్డులు మీ బీరువాలో ఉన్నాయని స్టేషన్లో నన్ను అరవమంటారా?"

ఇచ్చాడు. నాకు చదువు రాదు. ఫొటోలు చూసి నాలుగూ ఏరుకున్నాను.

స్టేషన్లో వాటిని అటూ ఇటూ తిప్పి, నిలబెట్టి నిలబెట్టి, సాయంత్రానికి వదిలారు. పొరపాటైందని ఒక్క మాట లేదు. పైగా కానిస్టేబులు, "బయట మీ భాష తగ్గించండి. అనుమానం వస్తుంది" అన్నాడు.

"వాళ్ల మాట వాళ్లు మాట్లాడుకుంటే నీకెక్కడ గుచ్చుకుంది నాయనా?" అని అడిగేశాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

తిరుగు ఆటోలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ పిల్లకి వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఎత్తి, చుట్టూ ఒకసారి చూసి, మన తెలుగులో "బాగున్నానమ్మా" అని కట్ చేసేసింది. వాళ్లమ్మకి తెలుగు ఒక్క ముక్క రాదు.

"మీ మాటలో చెప్పవే" అన్నాను.

"దిగాక చెప్తాను పిన్నీ" అంది.

దిగేదాకా ఆ తల్లి ఫోన్ చేస్తూనే ఉంది.