ముద్ర పడ్డ వేలు

నాకు కోపం ఎక్కువంటారు మా ఇంట్లో. ఎక్కువే. కానీ అది నేను కష్టపడి సంపాదించుకున్నది కాదు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నాకు ఇచ్చిపోయిన ఆస్తి. తాండూరు సంఘంలో ఆమె బైబిలు స్త్రీ. జీతం ఆడవాళ్లకు వాక్యం చెప్పినందుకు, పెత్తనం మాత్రం సంఘమంతటి మీదా. మా పాస్టరు అయ్యగారు వికారాబాదులో ఉండేవారు. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దుటి రైల్లో వచ్చి, రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చి, సాయంత్రం రైల్లో వెళ్లిపోయేవారు. మిగతా నెలంతా రాజ్యం అవ్వదే.

సంస్కారానికి ముందు శనివారం అవ్వ తెల్లచీర కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. రేపు రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి ఎవరు రావచ్చో తేల్చడం ఆమె పని. తోడికోడళ్లు మాట్లాడుకోవడం లేదని తెలిస్తే ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి, వాళ్లు నోరు విప్పిందాకా కదిలేది కాదు. సినిమాకు పోయినవాళ్లకు వేరే చివాట్లు. ఊరి బయట డేరా సినిమా వచ్చిందంటే కరపత్రాలు పట్టుకుని ద్వారం దగ్గర నిలబడేది, పోయేవాళ్లను ఆపడానికి. ఒక్కరూ ఆగలేదు గానీ, నిలబడి నిలబడి లోపలి పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. పప్పు రుబ్బుతూ కూనిరాగం తీస్తుంటే నేను పట్టుకునేదాన్ని.

“అవ్వా, గది కీర్తనల పుస్తకంల ఎన్నో నంబరు?”

“నోరు ముయ్యే పోరీ. రాగమేం పాపం జేసింది?”

ఆమెకు ఇంకో నియమం ఉండేది. అయ్యగారు పెట్టింది కాదు, సొంతంగా పెట్టింది. ఏ ఆడమనిషైనా బాప్తిస్మం తీసుకోవాలంటే ముందు తన పేరు తను రాయడం నేర్చుకోవాలి. గడపలో బూడిద పరిచి, వేలు పట్టుకుని దిద్దించేది. బషీరాబాదు వైపు పల్లెల్లో కన్నడం తప్ప రానివాళ్లతో కూడా తెలుగులో పేరు రాయించింది. మా సంఘం పుస్తకంలో ఆడవాళ్లవి ఎన్ని పేర్లున్నా వేలిముద్ర ఒక్కటీ లేదు. ముసలివాళ్లను ఇంత సతాయించడం ఎందుకని నేనే చాలాసార్లు విసుక్కున్నాను.

దేశంలో మొదటిసారి ఓట్లు వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. ఓటు వేసేవాళ్ల వేలికి సిరాతో గుర్తు పెడతారని అవ్వ వింది. ఇంకేముంది! బైబిలు చివరి పుస్తకంలో ఒక మృగం వచ్చి చిన్నా పెద్దా అందరికీ ముద్ర వేస్తుందని ఉంది కదా, అది వచ్చేసిందంది. పైగా ఏదో ఊళ్లో ఓట్ల పెట్టె మీదున్న ఎడ్ల బొమ్మకు కుంకుమ పెట్టి మొక్కారట. “నేను జెప్పలే? అరణ్యంల బంగారు దూడకు మొక్కినోళ్లు ఏమైన్రు?” అని మా ప్రార్థన గుడి ముందు నిలబడి తీర్పు చెప్పింది. “ముద్ర వడ్డ చెయ్యి ప్రభువు బల్ల కాడ చాపొద్దు.”

అయ్యగారు నచ్చజెప్పబోయారు. “మీరింక చిన్నోరు అయ్యగారూ” అని ఆయన నోరు మూయించింది. మగవాళ్లు పోయి ఓట్లు వేసుకున్నారు. వాళ్ల పాపం అయ్యగారు చూసుకుంటారట. మా ఆడవాళ్లలో మాత్రం ఒక్కరూ గడప దాటలేదు.

రెండోసారి ఓట్లు వచ్చేసరికి నాకు ఇరవై ఒకటి నిండింది. వికారాబాదులో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. జాబితాలో నా పేరు తాండూరులోనే ఉంది. ఓట్లు శుక్రవారం, సంస్కారం ఆ వచ్చే ఆదివారం. గురువారం సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చి, సంచి కింద పెట్టకముందే మొదలైంది.

“ఓటుకొచ్చినవా?”

“ఔనవ్వా.”

“పోతే పో. ఆదివారం నా పక్కకు రాకు.”

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. పన్నెండేళ్లప్పటి నుంచీ ప్రతి సంస్కారానికీ అవ్వ పక్కనే మోకరించినదాన్ని. ఆమె భుజం తగలకుండా రొట్టె తీసుకోవడం నాకు తెలియదు. అలాగని ఓటు వదులుకోనా? పిల్లలకు పౌరుల హక్కులు పాఠం చెప్పేది నేనే కదా! నాకు రెండూ కావాలి. బైబిలు తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

“సదువు. ఏ చెయ్యి అని ఉన్నది? కుడిచెయ్యి. వీళ్లు పెట్టేది ఎడమ చేతికి. గంత పెద్ద మృగానికి కుడేదో ఎడమేదో తెల్వదా?”

అవ్వ అద్దాలు పెట్టుకుంది. ఆ మాట కింద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. పుస్తకం మూసింది. గెలిచాననుకున్నాను.

“కుడో ఎడమో గాదు బిడ్డా” అంది చివరికి, గొంతు తగ్గించి. “వేలుకు సిర రాస్తరు గద. మా నాయిన గూడ గట్లనే వేలు చాపిండు. పటేలు కాయితం ముందల వెట్టి, జర నిశాని ఎయ్యిరా అన్నడు. అండ్ల ఏం రాసున్నదో మా నాయినకేమెరుక? ఉన్న రెండెకరాల చెల్క పాయె. గా సిర మూడొద్దులైనా పోలే. బండకేసి వేలు రాక్కుంట కూసునేటోడు.”

నిశాని అంటే వేలిముద్ర. బూడిదలో ఆమె ఎందుకు అందరి వేళ్లూ పట్టుకుని దిద్దించిందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్లోంచి బైబిలు తీసి పక్కన పెట్టాను.

మర్నాడు నేను బయల్దేరితే వెనకే చెప్పుల చప్పుడు. “నీతోటి గాదు. నా తొవ్వన నేనొస్తున్న” అంది అవ్వ. ఓట్లు సర్కారు బడి వసారాలో. మగవాళ్ల వరుస ఒకటి, మాది ఒకటి, మధ్యలో ఒకే బల్ల. బల్ల ముందున్న మనిషిని చూసి అవ్వ చటుక్కున పక్కకు జరిగి కొంగు సర్దుకుంది. ఆ పటేలు కొడుకే. అవ్వ ఈడువాడు. తాండూరులో బండల వ్యాపారం పెట్టి ఇక్కడే ఉంటున్నాడు. అరవై ఏళ్లు దాటినా, పటేళ్లు ఎదురైతే పక్కకు జరిగే అలవాటు అవ్వ ఒంటికి పోలేదు.

“నేను సంతకం జేస్త. గీ సిర నాకెందుకు?” అంటున్నాడు పటేలు.

“ఎవరికైనా ఇంతేనండీ. ఎడమ చెయ్యి ఇవ్వండి” అన్నాడు బల్ల దగ్గరి కుర్ర ఆఫీసరు, కోస్తా మనిషిలా ఉన్నాడు. పటేలు గొణుక్కుంటూ వేలు చాపాడు. సిరా పడింది. చేతిలో ఓటు కాగితం పడింది.

అవ్వ వరుస వదిలేసి నేరుగా బల్ల దగ్గరికి పోయింది.

“నాయినా, పటేలుకు ఎన్ని కాయితాలిచ్చినవ్?”

“ఒకటేనండీ మామ్మగారూ.”

“ఒకటేనా? మంచిగ సూడు. మస్తు భూమున్నది ఆయనకు.”

రెండు వరుసలూ ఘొల్లున నవ్వాయి. పటేలు కూడా నవ్వాడు, కాస్త వంకరగానే.

“మరి నాకెన్నిస్తవ్?”

“మీకూ ఒకటే.”

“అట్లయితే వెట్టు” అని అవ్వ ఎడమ చేయి బల్ల మీద పెట్టింది.

బయటికొచ్చాక ఎవరికి వేశావని అడిగాను. “గది నాకెరుక, దేవునికెరుక. నడుమ నువ్వెవలవే?” అంది. మంచినీళ్లయినా తాగకుండా ఇల్లిల్లూ తిరిగి, “లేవుండ్రే, పొయ్యార్పుండ్రి” అంటూ సాయంత్రందాకా ఆడవాళ్లను తోలుతూనే ఉంది.

కానీ ఆదివారం ఆమె నా పక్కన లేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆడవాళ్లంతా సిరా వేళ్లతో బల్ల దగ్గరికి వచ్చారు. రొట్టె పట్టుకున్న అయ్యగారి వేలికీ సిరా ఉంది. ఆయన ఆగి వెనక్కి చూశారు. అవ్వ లేచి నిలబడింది.

“అయ్యగారూ, అయిదేండ్ల కింద వీళ్లందరి ఓట్లు నా మాటకే పోయినయ్. నేను తప్పు జెప్పిన. వీళ్లు మన్నిస్తె వస్త.”

ఒకప్పుడు అవ్వ మంచం మీద కూర్చోబెట్టి కలిపిన తోడికోడళ్లలో చిన్నది లేచి, వెనక్కి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. “దా అవ్వా, జల్ది దా. ఇంటికాడ బువ్వ సల్లారుతున్నది” అంది. అయ్యగారితో సహా అందరం నవ్వేశాం. అవ్వ కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన మోకరించింది. ఆమె భుజం తగిలాకే నేను చేయి చాపాను.

అవ్వ ప్రతి శనివారం గోళ్లు తీసుకునేది. ఆ వేలి గోరు మాత్రం నెలల తరబడి తియ్యలేదు. గోరుతో పాటు ఆ నల్ల మచ్చ పైకి జరుగుతూ పోయి, చివరికి కొసన సన్నటి గీతలా మిగిలింది. ఒక సెలవుకు నేను ఇంటికొస్తే కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టి, వేలు చాపింది.

“నువ్వే తియ్యి బిడ్డా. మా నాయిన ఉంటె సూపిచ్చి తీద్దును.”