నూకాలు చేతి మీద నీలి చుక్కలు

2006 వానాకాలంలో, ఒక మందుల ప్రయోగశాలలో సీనియర్ ఫార్మసిస్టుగా ఉన్న నన్ను విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి చర్మవిభాగానికి డెప్యుటేషన్ మీద పంపారు. నాతో వచ్చినవి గోరంత బిళ్లలు. ఒక్కోదాని మీద వెంట్రుక మందాన నూరు సూదులు, చర్మంలోకి దిగి కరిగిపోయే చక్కెరజాతి పదార్థంతో చేసినవి. వాటిలో మందు లేదు, నీలిరంగే. బిళ్లను ముంజేతికి అద్ది అర నిమిషం నొక్కాలి. తీసి తుడిచాక భూతద్దంలో ఎన్ని నీలి చుక్కలు కనిపిస్తే అన్ని సూదులు దిగినట్టు.

పరీక్షకు ముందుకొచ్చినవారిలో నూకాలు ఒకరు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండుచేపలు అమ్మేది. భర్త ఎల్లాజీకి షుగరు. ఇన్సులిన్ మొదలుపెట్టకపోతే కాలు దక్కదని డాక్టరు చెప్పినా ఆయన వినలేదు.

"సంద్రానికి జడవడు బాబూ, సూదికి జడుత్తాడు. నొప్పి లేని సూదంట కదా, ముందు నాను సూత్తాను" అంది.

మొదటిరోజు ఆమెకు మూడు బిళ్లలు వేశాను. మూడుసార్లూ నీలి మరకే, ఒక్క చుక్క లేదు. నాకు చిర్రెత్తింది. ఎండకూ ఉప్పునీటికీ రాటుదేలిన చర్మం అనుకుని, రిజిస్టర్లో "చర్మం మొద్దు, అనర్హురాలు" అని రాసి, నిబంధన ప్రకారం ఆమెకు చదివి వినిపించాను.

నూకాలుకు ఒళ్లు మండింది. ట్రేలోంచి ఒక బిళ్ల తీసి వేలితో తడిమింది.

"నా తోలు మొద్దేటి? మీ సూదులే సెమ్మగిల్లిపోనాయి! వానాకాలం ఉప్పు జాడీలో ఏపిన బియ్యం మూటగట్టి ఎట్టమా? సంద్రం గాలికి ఇలాగ పరిసేత్తే ఉంటాయేటి?"

ఆ బిళ్లను భూతద్దం కింద పెట్టాను, సూదులన్నీ మెత్తబడి వంగిపోయి ఉన్నాయి. పొద్దున్నే ఆ రోజుకు కావాల్సిన పొట్లాలన్నీ విప్పి, కిటికీ పక్కన ట్రేలో పేర్చింది నేనే. మా ఊళ్లో, ప్రయోగశాల ఏసీ గదిలో, అలా చేయడం నాకు అలవాటు.

మర్నాడు విప్పని పొట్లాలను తేమ పీల్చే సిలికాజెల్‌తో డబ్బాలో పెట్టి, ఒకటి అప్పటికప్పుడు విప్పి, భర్తతో మళ్లీ వచ్చిన నూకాలు ముంజేతికి నొక్కాను.

"ఏసేసినావేటి?" అంది నూకాలు, ఇంకా ఎదురుచూస్తూ.

భూతద్దం పెట్టాను. ఔరా! ముగ్గుకు పెట్టినట్టు వరుస తప్పని నీలి చుక్కలు, తొంభై ఎనిమిది. నెత్తురు చుక్క లేదు. ఇరవై ఎనిమిదేళ్లు మందులు తూచినవాణ్నే, అయినా నమ్మలేక రెండోసారి లెక్కపెట్టాను, అంతే వచ్చింది.

బయట బల్ల మీదున్న భర్తను నూకాలు కేకేసింది. ఎల్లాజీ ఆమె ముంజేతిని పట్టుకుని భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"నొప్పెట్టలేదేటే?"

"దోమ కుట్టినంత కూడా లేదు మావా. మందున్న బిళ్ల ఎప్పుడొత్తాది బాబూ?"

ఏళ్లు పడుతుందనీ, దానికోసం ఆగితే కాలు పోతుందనీ ఉన్నమాట చెప్పాను. నూకాలు ముఖం వాడిపోయింది. ఎల్లాజీ ఆమె ముంజేతిని వదల్లేదు.

"నా కోసం నూరు సూదులు దింపించుకున్నాది. నాను ఒక్కదానికి పారిపోతే ఎలాగ?" అని, ఇంజెక్షన్ గది ఎటని అడిగి, తనే నడిచి వెళ్లాడు.

రిజిస్టర్లో ముందురోజు రాసింది కొట్టేశాను. "బిళ్లలు చెమ్మగిల్లాయి, తప్పు నాది" అని రాసి సంతకం చేశాను. పరీక్ష తప్పితే ముందు నా ట్రేను చూసుకోవాలనీ, ఆ తర్వాతే ఎదుటివారి చర్మాన్ని అనాలనీ నేర్చుకున్నది అక్కడే.