శేషమ్మ గారి అరుగూ... సుబ్బారాయుడు గారి తలుపూ

మా చిన్నప్పుడు... శేషమ్మ గారి అరుగు మీద ఫోను మోగిందంటే చాలు, వీధిలో సగం మంది చేతిలో పని ఆగిపోయేది. ఎవరికొచ్చిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా ఎవరికీ కాలు నిలిచేది కాదు.

ముసునూరు దగ్గర మా ఊరు... ఎనభైల్లో మాట. ఊరు మొత్తానికి రెండే ఫోన్లు. ఒకటి మామిడి తోటల శేషమ్మ గారిది, రెండోది ఎరువుల కొట్టు సుబ్బారాయుడు గారిది. మిగతా అందరం ఈ ఇద్దరి నంబర్లలో ఏదో ఒకటి బంధువులకిచ్చి, పక్కన 'పి.పి.' అని... అంటే ఫలానా మనిషిని పిలిపించమని... రాసుకునేవాళ్ళం. శుభలేఖ మీద ఎవరి నంబరు అచ్చు వేయించారన్నది పెద్ద విషయం... రెండోవాళ్ళు పెళ్ళికొచ్చినా విస్తరి ముందు మొహం ముడుచుకునే కూర్చునేవాళ్ళు.

పోటీ అంటే అలాంటి ఇలాంటి పోటీ కాదండీ! సుబ్బారాయుడు గారు కొట్టు వెనక గదిలో ఫోను పెట్టి, కుర్చీ వేసి, ఫ్యాను బిగించి, తలుపు కూడా పెట్టించారు. "మా దగ్గర మాట్లాడితే మూడో మనిషికి తెలీదండీ" అని గొప్పగా చెప్పుకునేవారు. శేషమ్మ గారి దగ్గర అదేం లేదు. అరుగు మీద నిలబడే మాట్లాడాలి. పైగా మనం వెళ్ళేలోపే అవతలివాళ్ళ దగ్గర విషయమంతా రాబట్టేసి, మనం వీధి మలుపు తిరగ్గానే అరిచి చెప్పేసేవారు.

ఎవరు గెలిచారంటారు? ఇంకెవరు... శేషమ్మ గారే! హైదరాబాదు నుంచి ఫోనొచ్చిందని నలుగురికీ తెలియకపోతే ఇక ఆ ఫోను రావడం దేనికి? ఆ తలుపు నిజంగా అవసరమైన మనిషి ఊరంతటికీ ఒక్కతే ఉంది... మా విజయత్త.

విజయత్త మా నాన్న చెల్లెలు. ఇంటరు పాసై, తాతయ్యకి తెలియకుండా ఏలూరులో నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టింది. "ఆడపిల్ల ఊరు దాటి హాస్టల్లో ఉండటమేంటి?" అని ఇంతెత్తున లేచే మనిషి తాతయ్య. సీటొస్తే అప్పుడు కాళ్ళావేళ్ళా పడి ఒప్పించడం, రాకపోతే గప్‌చుప్... ఇదీ అత్త పథకం. లిస్టు చూసి ఫోను చెయ్యమని ఏలూరులో ఉన్న స్నేహితురాలు కుమారికి సుబ్బారాయుడు గారి నంబరే ఇచ్చింది. ఇంట్లో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నోరు మూసుకున్నందుకు రోజూ మామిడి తాండ్ర ముక్క లంచం!

అంతలో వచ్చింది గాలివాన... తోటల్లో సగం కాయ రాల్చేసి, పోతూ పోతూ సుబ్బారాయుడు గారి ఫోను తీగ కూడా తెంపుకుపోయింది. ఎక్స్ఛేంజీ ఆపరేటరుకి మా ఊరి సంగతులన్నీ తెలుసు కాబట్టి, ఎవరు ఆయన నంబరడిగినా శేషమ్మ గారికే కలిపేవాడు. కొట్లో ఏమీ తోచక సుబ్బారాయుడు గారు కూడా ఆ అరుగు మీదకే చేరారు. ఆవిడ మాట్లాడటం, ఈయన వెళ్ళి మనుషుల్ని పిలుచుకురావడం... అలా రెండు కంపెనీలూ ఒకటైపోయాయి.

ఊరంతా సంబరపడింది. అత్త మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. ఫోను వద్దు, ఉత్తరం రాయమని కుమారికి కార్డు ముక్క పడేసింది గానీ, అది చేరేలోపే లిస్టు వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం మేమంతా మా మామిడి తోటలో ఉన్నాం. కూలీలు గెడలకి కట్టిన చిక్కాలతో కాయ కోస్తున్నారు. సుబ్బారాయుడు గారు పంచె ఎగ్గట్టి రొప్పుతూ వచ్చారు.

"కోటయ్య గారూ! మీ విజయమ్మకి ఫోనండీ... ఏలూరు నుంచి!"

"ఏలూరులో మనకెవరున్నారు?" అన్నాడు తాతయ్య.

అత్త అప్పటికే పరుగు తీసింది. వెనకాలే తాతయ్య, ఆయన వెనక కూలీలు, వాళ్ళ వెనక నేను.

మలుపు తిరిగామో లేదో, అరుగు మీంచి శేషమ్మ గారి గొంతు...

"అమ్మాయ్ విజయా! నర్సు ట్రైనింగులో నీకు సీటొచ్చిందే! ఎల్లుండికల్లా చేరకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తారంట! మీ నాన్నకి మాత్రం తెలియనివ్వొద్దని ఆ పిల్ల మరీ మరీ చెప్పిందే!"

అత్త నడివీధిలో కొయ్యబారిపోయింది. ఆమె వెనక రెండడుగుల్లో తాతయ్య! ఆయన్ని చూసి శేషమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు... ఇంకేం లాభం?

ముందుగా మాట్లాడింది మా తోటలో పనిచేసే నాగమ్మ. "అయితే మన విజయమ్మ నర్సమ్మ అయ్యిద్దా బాబుగారూ? మా పిల్ల కానుపుకి ఏలూరు దాకా బండిలో ఎట్టా పోయామో ఆ దేవుడికే తెలుసు... సల్లగుండు తల్లీ!" అని అత్త బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఇక ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. "అదృష్టవంతులండీ కోటయ్య గారూ!" "ఆడపిల్లని ఇంత ధైర్యంగా చదివిస్తున్నారంటే మీరేనండీ!"

తాతయ్య అందరి వైపూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏంటి, నాకు తెలీకుండానేనా? అసలా దరఖాస్తు పెట్టించింది ఎవరనుకున్నారు?" అన్నాడు.

నేను నోరెళ్ళబెట్టాను. అత్తకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం పెరట్లో తాతయ్య అత్తని అడిగాడు... "ముందే చెప్తే కాదంటాననుకున్నావా?"

"అనేవాడివేగా నాన్నా."

"అనేవాణ్ణే" అన్నాడు.

మర్నాడు ఆయనే ట్రంకు పెట్టె మోసుకుంటూ హనుమాన్ జంక్షన్‌లో అత్తని ఏలూరు బస్సెక్కించి, తనూ ఎక్కాడు.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం, ఫోన్లు ఐదు. ఆ ఫోను కంపెనీని ఈ ఫోను కంపెనీ మింగేసిందని పేపర్లో చదివి, పోన్లే, సిగ్నల్ వస్తోందిగా అని ఊరుకుంటాను. పోయిన నెల మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పక్కగదిలోంచే నాకు మెసేజ్ పెట్టింది! సంతోషం పట్టలేక బాల్కనీలోకి పరుగెత్తాను... కింద ఎవరిని పిలవాలో తెలియక, కాసేపు నిలబడి లోపలికొచ్చేశాను.

మీ ఊళ్ళో ఆ అరుగు ఎవరిదండీ? మీ ఇంటి శుభవార్త మీకంటే ముందు ఊరికి తెలిసిన రోజేదైనా ఉంటే... ఇక్కడ కాస్త గట్టిగా అరిచి చెప్పండి, వింటాను.