పొయ్యి వెలగని వీధిలో భోజనం

అరవైల చివర్లో, ఒక మండు వేసవిలో, గజపతినగరం దాటాక మా బస్సు చెడిపోయింది. బాగయ్యేసరికి సాయంత్రమవుతుందన్నాడు డ్రైవరు. పొద్దుటినుంచీ నా కడుపులో ఏమీ లేదు. అడగడం నాకు చేతకాని పని, అయినా పక్క ఊళ్లోకి నడిచి, మొదటి తాటాకింటి అరుగు మీద కూలబడి, తినడానికేమైనా పెడతారా అని అడిగాను.

ఇంటావిడ నన్ను ఎగాదిగా చూసింది. "అగ్గిపెట్టె ఉన్నాదేటి బాబూ?"

పొయ్యి వెలిగిస్తుందన్న ఆశతో జేబులోంచి తీసిచ్చాను. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది.

"పడమటిగాలి కొడతన్నాది. పొద్దు వాలిందాకా ఈ ఈదిలో ఎవులూ నిప్పు ముట్టరు. అన్నీ తాటాకిళ్లే కదా. నువ్వేమో సుట్ట ముట్టించినా ముట్టిస్తావు."

ఇక పస్తే అనుకున్నాను. ఆవిడ మాత్రం నూతి పక్క మడిలోంచి లేత మొక్కజొన్న పొత్తులు విరుచుకొచ్చింది. పాలుగారే గింజలు ఒలిచి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పుల్లమామిడి ముక్కలు, ఉప్పు వేసి, చేత్తో కలిపి అడ్డాకులో పెట్టింది. మొక్కజొన్న పచ్చిగా తినొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. ఈసారి అడగడానికి మొహమాటపడలేదు.

బస్సు హారన్ వినబడి లేచాను. ఆవిడ నాతోపాటే నడిచింది. ఊళ్లో ఆఖరి ఇల్లు దాటాక కొంగుముడి విప్పి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"ఇంక నీ ఇష్టం బాబూ. కడుపు నిండినాదా?"

తలూపి బస్సెక్కాను. ఆ తాటాకు కప్పులు కనుమరుగయ్యాక కూడా, గాలి తగ్గేదాకా, అగ్గిపెట్టె జేబులోంచి తీయలేదు.