పిండికట్టు లోపలి పురుగులు

యుద్ధకాలంలో కడప పక్కన రైలుపట్టాల వెంబడి వెలసిన సైనిక ఆసుపత్రిలో డాక్టరుకు నేనే కుడిభుజమని మనవళ్ళకు చెబుతుంటాను. ఒక సిపాయి తొడలోంచి నా చేత్తోనే తూటా పీకానని కూడా చెప్పాను. పీకింది డాక్టరు. అది పడిన పళ్ళెం కడిగింది నేను. రేకుల షెడ్లలో బకెట్లు మోయడం నా ఉద్యోగం. వాటిలో ఏముండేదో అన్నం ముందు కూర్చుని చదివేవాళ్ళుంటారని రాయడం లేదు.

కంపు సంగతి మాత్రం రాయక తప్పదు. బర్మా వైపు దెబ్బలు తిన్న సిపాయిలు రోజుల తరబడి రైళ్ళలో పడి వచ్చేవాళ్ళు. విరిగిన కాలుకు, గాయం మీదనే, పిండికట్టు వేసి పంపేవాళ్ళు. కట్టు విప్పకూడదని గట్టి ఉత్తర్వు. రేకులు కాలేకొద్దీ ఆ కట్ల అంచుల్లోంచి నల్లటి నీళ్ళు కారేవి. కట్టుగుడ్డలు ఉడకబెట్టి మళ్ళీ చుట్టేవాళ్ళు. ఒకడి చీము మరక ఇంకొకడి నెత్తిమీద పచ్చగా కనిపించేది. పెద్ద దొరలు చూడవచ్చే రోజు మాత్రం గోడలకు సున్నం, నేలకు ఫినాయిలు. వాళ్ళు ముక్కుకు అత్తరు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, మనుషుల మొహాలు వదిలేసి దుప్పట్ల మడతలు చూసి పోయేవాళ్ళు. థూ.

సిపాయిగా చేరిన వేంపల్లె వైపు సేద్యగాడొకడు తొడ దాకా కట్టుతో వచ్చాడు. మన సీమ మాట చెవిన పడగానే నా నోరు ఊరుకోలేదు. ఈ షెడ్డంతా నా చేతిలోనే ఉందని కోతలు కోశాను. పాపం, నమ్మాడు. కొన్నాళ్ళకు అతని కట్టు అంచులోంచి తెల్లటి పురుగొకటి పాకి దుప్పటి మీద పడింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

“లోపల మెసులుతాండాయప్పా. ఎద్దు పుండుకు పురుగులు పడితే మేము సీతాఫలం ఆకు నూరి పిండుతాము. అన్నీ చచ్చి రాల్తాయి. నువ్వు పెద్ద పనిలో ఉండావు గదా, కట్టు కోసి ఆ రసం పొయ్యి. కాలు పోతే నా మడక పట్టి చేను దున్నేది ఎవురు?”

బయటికి పరుగెత్తి కక్కుకున్నాను. మొహం కడుక్కుని వచ్చి నిజం చెప్పేశాను. “నేను బకెట్లు మోసేటోణ్ణప్పా. ఆ కట్టు ముట్టుకుంటే తంతారు.”

తిట్టలేదు. “అయితే కోసే ఆయప్పను పిల్చకరా,” అన్నాడు.

మా మద్రాసు డాక్టరు వచ్చి కట్టుకు ముక్కు ఆనించి వాసన చూశాడు. ఉట్టి కుళ్ళు కంపా, కాలు తీసేయవలసిన కంపా అని వాసనతోనే తేల్చడం ఆయన పద్ధతి. ఇది ఉట్టి కుళ్ళే, కట్టు విప్పొద్దు, పురుగులు కుళ్ళిన కండే తింటాయి, మంచి కండ జోలికి రావు, రసాలు పోసి చంపితే కుళ్ళంతా లోపలే ఉండిపోతుందని తన అరవ తెలుగులో చెప్పి, చేతులు కడుక్కుని పోయాడు. మావాడు పండ్లు బిగబట్టి ఆ పాకుడంతా భరించాడు.

కట్టు కోసిన రోజు బకెట్టు పట్టింది నేనే. బలిసిన పురుగులు ముద్దలుగా జారిపడ్డాయి. ఆ తర్వాత చాన్నాళ్ళు సంగటి నా గొంతు దిగలేదు. అయితే కింద కండ దానిమ్మగింజల్లా ఎర్రగా మెరిసింది. కాలు నిలిచింది.

నడక వచ్చాక, అతన్ని ఇంటికి పంపాలా, తిరిగి యుద్ధానికి పంపాలా అని తేల్చే అధికారులు వచ్చారు. వాళ్ళ ముందు కుంటమని ముందే నూరిపోశాను. కుంటితే వేంపల్లె, కుంటకుంటే బర్మా. సరేనన్నాడు. తీరా చూస్తే, అధికారుల పక్కన మన డాక్టరు నిలబడి ఉన్నాడు. ఆయన్ను చూస్తూ మావాడు షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు పెండ్లికొడుకులా నిటారుగా నడిచాడు. అధికారి అతని మొహమైనా చూడకుండా, యుద్ధానికే అన్నట్టు తల ఊపాడు.

కుంటమంటే ఆ నడకేమిటని మండిపడ్డాను.

“కాలు నిలబెట్టిన ఆయప్ప ముందర కుంటేదెట్లప్పా?” అన్నాడు.

అతన్ని లారీ ఎక్కించారు. సాయంత్రానికి అదే పరుపు తిరగేసి ఇంకొకణ్ణి పడుకోబెట్టారు. వాడి కట్టు అంచున అప్పుడే ఈగలు. మావాడి సంగతి మళ్ళీ తెలియలేదు. వేంపల్లెకు పోయి విచారించానని ఇంట్లో చెప్పాను. పోలేదు. ఏ మాట వినవలసి వస్తుందోనని.