ముట్టుకోని బండి ధర

ఇనుముకు కూడా కులగోత్రాలుంటాయని నాకు యాభై తొమ్మిదేళ్ళు దాటాక తెలిసింది. చెప్పినవాడు కలకత్తా నుంచి వచ్చిన ఒక బెంగాలీ. పాత విదేశీ కార్లకు వెల కట్టడం అతని వృత్తి. మా రైల్వే క్వార్టరు పెరట్లో, రేకుల షెడ్డు ముందు నిలబడి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ చెప్పాడు. వర్క్‌షాపు స్టోర్స్‌లో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి, ఇనుము గురించి నాకు ఇంకొకడు చెప్పేదేమిటనే పొగరు నాకు అప్పటికింకా ఉంది.

షెడ్డులో ఉన్నది ఇటలీ కారు. ఇద్దరే కూర్చోగలిగే, నేలను కరుచుకుని పోయే ఎర్రటి స్పోర్ట్స్ కారు. మాలాంటి వాళ్ళింటికి అదెలా వచ్చిందని ప్రతివాడూ అడుగుతాడు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా కలకత్తా జనపనార మిల్లు యజమాని ఒకాయన ఆ కారులో పోతూ బొంబాయి రోడ్డు మీద, కలకత్తాకి రెండు మూడు గంటల దూరంలో ఉన్న మా రైల్వే ఊరి దగ్గర ఆగిపోయాడు. గేరు పళ్ళు విరిగాయి. అలాంటి గేరు దేశంలో ఎక్కడా దొరకదు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, చేతిపనికి ఊళ్ళో పేరున్న మనిషి. సెలవు పెట్టి, గోల్‌బజార్‌లో తెలిసినవాడి లేత్ మీద కొత్త గేరు కోసి బిగించాడు. రెండేళ్ళకు ఆ పెద్దమనిషి మిల్లు మూసేసుకుని దేశం వదిలిపోతూ, కారునూ కాగితాలనూ డ్రైవరుతో పంపి, తుక్కు ధరకి నాన్న పేర రాసిచ్చాడు. మా అమ్మ నెలరోజులు నాన్నతో మాట్లాడలేదు.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. బోగీ ఓవర్‌హాలింగ్‌కి వచ్చిందంటే దాన్ని ఎముకల దాకా విప్పుతారు. అరిగిన ముక్క మీద ఎర్ర రంగుతో అడ్డగీత కొడతారు. ఇక అది తుక్కులోకి పోవాల్సిందే. అరిగినదాన్ని మంచిదాని పక్కన ఉంచడం అక్కడ పాపం కింద లెక్క. కొత్తది బిగించి, రంగు వేసి, పని చేసిన తేదీ, మళ్ళీ రావాల్సిన తేదీ తెల్లరంగుతో రాసి పంపిస్తారు. నాన్నకు తెలిసిన భక్తి అదొక్కటే. ఏటేటా విశ్వకర్మ పూజకి ముందు పదిహేను రోజులు కారు విప్పేవాడు. పూజనాడు వర్క్‌షాపు గేట్లు తెరిచి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు కాబట్టి ఊరంతా అటు పోతుంటే, మా నాన్న కారుకి బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మలంచా రోడ్డు చివరిదాకా పోయివచ్చేవాడు. అమ్మ పోయిన ఏడు కూడా పోయివచ్చాడు, పక్క సీటు ఖాళీగా.

ఈ కారే మా ఇల్లు. అంటే, దీన్ని అమ్మి సొంతిల్లు కొనుక్కుంటామని ముప్పై ఏళ్ళుగా ఇంట్లో అనుకుంటున్నదే. నాన్న రిటైరైనప్పుడు నా ఉద్యోగం మీద క్వార్టరు దక్కింది. ఇప్పుడు నా వంతు వచ్చింది, నా తర్వాత రైల్వేలో మాకెవరూ లేరు. చలికాలం పోయేసరికి ఖాళీ చెయ్యాలి. దాచుకున్నది అమ్మ జబ్బుకీ పిల్లల చదువులకీ సరిపోయింది. ఝపటాపూర్‌లో అందరూ దాదా అని పిలిచే ఒక బెంగాలీ పెద్దాయన తన పాత ఇల్లు అమ్ముతానన్నాడు. రెండు గదులు, నీళ్ళున్న బావి, కాస్త పెరడు. మా ఆవిడ అప్పుడే వంటింట్లో పొయ్యి ఏ పక్క పెట్టాలో తేల్చేసింది. ఫోన్లో ఇలాంటి కార్ల ధరలు చూసి నాకు కళ్ళు తిరిగాయి. నాన్నకి చూపిస్తే సున్నాలన్నీ వేలితో లెక్కపెట్టి, మనది నడుస్తుంది కూడా కదా, ఇంకా ఎక్కువే ఇస్తారని ఫోను తిరిగిచ్చాడు.

కలకత్తా ఆయన పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఇటలీ కారుకి ధర దాని వేగాన్ని బట్టి రాదట. అలాంటివి ఎన్ని తయారుచేశారు, వాటిలో ఎన్ని మిగిలాయి, ముందెవరి చేతిలో ఉంది, పందేల్లో పరిగెత్తిందా, కాగితాలన్నీ వరసగా ఉన్నాయా, ఇవి చూస్తారట. కొనేవాళ్ళు ఒకప్పుడు దాని బొమ్మను గోడకి అంటించుకున్న పిల్లలు. ఇప్పుడు చేతిలో డబ్బు ఆడుతోంది కాబట్టి ఆ బొమ్మని కొనుక్కుంటారట. ఆ తరం పోతే ఆ మోజూ పోవచ్చు, ధర కూడా దిగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ ఇంజను ఏ ఒంటితో పుట్టిందో దానితోనే ఉండాలి. పుట్టినప్పటి రంగు వెలిసిపోయినా సరే, అదే ఉండాలి. పడమటి దిక్కున ఏదో ఊళ్ళో ఒక గోడౌన్‌లో ఎలుకలు గూడు పెట్టిన కారొకటి దొరికిందట. తలుపు తెరుచుకోదు, చక్రం తిరగదు. దాని దుమ్ము కూడా తుడవకుండా ఎత్తుకుపోయారని చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా, బుద్ధిలేక.

నాన్న ఆరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, బానెట్టు తనే ఎత్తాడు. హిందీలో, బెంగాలీలో, రెండూ కలిపి, ఒక్కొక్కటే చూపించాడు. ఈ కార్బొరేటర్ల జత పాతవి కారుతుంటే తీసేసి దేశవాళీవి అమర్చాను. తీగల చక్రాలకు తుప్పు పట్టింది, గట్టి చక్రాలు వేశాను. ఈ తలుపు రేకు నేనే కొట్టాను, వేలుతో తట్టి చూడు, ఎక్కడా గుంట తగలదు. పాతవన్నీ ఏమయ్యాయని అతను మెల్లగా అడిగాడు. తుక్కు కదా, తుక్కులోకే పోయాయి అన్నాడు నాన్న. అవి బస్తాల్లో కట్టి తుక్కువాడి కాటా మీద పెట్టింది నేనే. షెడ్డులో అడుగు పెట్టే చోటు లేదని మా ఆవిడ గోల చేస్తే, ఒక ఆదివారం నేనే పెట్టాను. ఆ మాట నేనప్పుడు పైకి చెప్పలేదు.

తరవాత అతను టార్చి వేసి ఇంజను పక్కన వంగాడు. చాలాసేపు లేవలేదు. నంబరు చూస్తున్నాడు. ఆ నంబరు తుప్పు తిని కనబడకుండా పోతోందని నాన్న ఒక ఏడు అక్కడ ఆకురాయితో నున్నగా రాసి, పంచులు పెట్టి మళ్ళీ కొట్టాడు. అదే నంబరు. ఒక్క అంకె మార్చలేదు. అంకెలన్నీ తాడు పట్టి కొట్టినట్టు ఒకే వరసలో ఉంటాయి, కింద తెల్లరంగుతో తేదీ. వర్క్‌షాపులో ఏ ఇన్‌స్పెక్టరు చూసినా భుజం తట్టేవాడు. ఈయన మాత్రం, ఫ్యాక్టరీ వాళ్ళు ఇంత అందంగా కొట్టరు, వాళ్ళ అంకెలు వంకరగా ఉంటాయి అన్నాడు. నిజమైన నంబరే కావచ్చు, కానీ ఒకసారి చెరిపి కొట్టినదాన్ని ప్రపంచంలో ఎవడూ నమ్మడు. దొంగబండి కిందే చూస్తారు.

టార్చి ఆర్పి, నాన్న వైపు తిరిగి, కాకూ, అంటే బాబాయ్, మీరు చాలా గొప్ప పనివారు, చిక్కంతా అక్కడే వచ్చింది అన్నాడు. వెటకారం లేదు అందులో. ఇదే కారు మీరు కొన్న రోజున ఎలా ఉందో అలా గుడ్డ కప్పి మూలన పడేసి ఉంటే, ఈ వీధిలో ఇళ్ళన్నీ కొనుక్కునేవారు అని కూడా అన్నాడు. నాన్న నా మొహం చూశాడు. బెంగాలీ భాష నాన్నకి నాకన్నా బాగా వచ్చు, అయినా తెలుగులో నన్నే అడిగాడు.

"నడవని బండికా?"

నేను తల ఊపాను.

"నడవని బండికి అంత ధరేటిరా?"

నాకప్పుడు ఏమీ అనిపించలేదు. కోపం లేదు, దుఃఖం లేదు. పంటి డాక్టరు మందుసూది వేశాక దవడ ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. గ్లాసులు తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమన్నాడని కళ్ళతోనే అడిగింది. తర్వాత చెప్తానన్నాను.

అతను నాన్న చెయ్యి పడని ముక్కలు మాత్రం కొంటానన్నాడు. స్టీరింగు, అద్దాలు, ముందున్న బిళ్ళ, మీటర్లు. ఇంకెక్కడో ఉన్న అసలు కారుకి అవి పనికొస్తాయట. వాటికిచ్చేది ఇంటికి కాదు కదా, ఇంటి తలుపులకి కూడా చాలదు. సరేనన్నాను. విప్పడానికి అతను మనిషిని పంపుతానంటే నాన్న వద్దన్నాడు. రెండు రోజులు కూర్చుని తనే విప్పి, ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి పెట్టాడు. మీటర్ల కింద ఇటలీ మాటలుంటాయి. అవి అర్థం కాక ఎప్పుడో అమ్మ కాగితం ముక్కల మీద నీళ్ళు, నూనె, పెట్రోలు అని రాసి బంకతో అంటించింది. విప్పిన ముక్కలు తీసుకోవడానికి వచ్చినప్పుడు కలకత్తా ఆయన తడిగుడ్డతో ఆ కాగితాలు నానబెట్టి, గోటితో గీకి పారేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. తీసి దాచుకుందామన్న ఆలోచనైనా రాలేదు నాకు.

మిగిలినదాన్ని పెట్టుకునే చోటు లేక తుక్కువాణ్ణి పిలిచి ఇచ్చేశాను. వాడి బండి వచ్చేముందు నాన్న ఒకసారి తాళం తిప్పాడు. స్టీరింగు లేదు, మీటర్లు లేవు, ఇంజను మాత్రం ఒక్క తిప్పుకి అందుకుంది. కాసేపు విని ఆపేశాడు.

ఝపటాపూర్ దాదా కొన్నాళ్ళు ఆగి ఆ ఇల్లు ఇంకొకరికి ఇచ్చేశాడు. తప్పేముంది, ఎన్నాళ్ళని ఆగుతాడు. ఆ కబురు విన్నరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాం. పప్పు కలుపుకుంటూ నాన్న, ఆ గేరు నేను కోసింది యాభై ఏళ్ళు నడిచింది చూసినావా, అన్నాడు. ఎందుకన్నాడో, మామూలుగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని రోజులుగా ఏమీ అనిపించనివాడికి ఆ ఒక్కటే అనిపించింది, మంట.

"నువ్వు దాన్ని ముట్టుకోకుండా ఒగ్గేసుంటే మనకీపాటికి ఇల్లుండీది," అన్నాను.

తుక్కు బస్తాలు మోసినవాణ్ణి నేను, ఆ మాట అన్నది కూడా నేనే. నాన్న ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, కంచం ఎత్తుకుని పోయాడు. నేను తినడం పూర్తి చేశాను.

ఇప్పుడు ఝపటాపూర్‌లోనే వేరే సందులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. రిటైరయ్యాను. పొద్దున్నే పేపరు తెచ్చుకుంటాను, చదువుతాను, మడిచి పెడతాను. వచ్చిన వారానికే ముందుగదిలో ఫ్యాను టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఫ్యానుకైనా, కుక్కరుకైనా, కుట్టుమిషనుకైనా ఎప్పుడూ బయటివాణ్ణి పిలిచింది లేదు. చప్పుడు మారితే చాలు, నాన్న పక్క గదిలోంచి లేచి వచ్చేవాడు. ఈసారి రాలేదు. రెండు రోజులు చూసి మా ఆవిడ అడిగింది, మావయ్యా, కాస్త చూడండీ అని.

నాన్న తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు. ఎక్కడ వదులైందో ఆయనకి ఆ చూపులోనే తెలిసిపోయుంటుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోనమ్మా. నా సెయ్యి తగిల్తే దాని ఇలవ పోతాది."

దెప్పడానికి అన్నమాట కాదు. దెప్పి ఉంటే బాగుండేది. నిజంగానే నమ్మి, జాగ్రత్త చెబుతున్నట్టుగా చెప్పాడు. మా ఆవిడ నా వైపు చూసి, తల తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. క్షమించు అని నాన్నలతో అనే అలవాటు మా ఇళ్ళలో లేదు. స్టూలు లాగి ఫ్యాను కింద వేశాను. డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసి, పిడి ఆయన వైపు ఉండేలా పట్టుకుని ఇచ్చాను. తీసుకోలేదు.