తిట్టడానికి ఒక వరస

మా వైపు ఒక మనిషిని చుట్టంగా ఒప్పుకున్నారో లేదో తెలియాలంటే అతనికి ఎంత మర్యాద చేస్తున్నారో చూస్తే చాలు. మరీ మర్యాద చేస్తున్నారంటే పరాయివాడని అర్థం. బావమరిది బావను ఆటపట్టించకపోతే, మరదలు బావను వెక్కిరించకపోతే ఆ రెండిళ్ళ మధ్య ఏదో చెడిందని ఊరంతా అనుకుంటుంది. వినుకొండకు కాస్త అవతల, పత్తిచేలూ మిరపచేలూ తప్ప మరొకటి కనపడని ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే పెళ్ళాడి ఉండిపోయినదాన్ని నేను. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి మీద ఎగతాళి పాటలు పాడాలంటే చుట్టుపక్కల నాలుగూళ్ళవాళ్ళు నన్నే పిలిచేవాళ్ళు. వియ్యపురాలి తిండి మీద, వియ్యంకుడి పిసినారితనం మీద అప్పటికప్పుడు కట్టి పాడేదాన్ని. పందిట్లో నా నోటికి అడ్డులేదు. తిట్టడం మా హక్కు, తిట్టించుకోవడం వాళ్ళ గౌరవం.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్ళు, నాకు పదహారు. వాణ్ణి నేనే పెంచాను. నన్ను ఏనాడూ శుద్ధంగా అక్కా అని పిలిచిన పాపాన పోలేదు. "ఏమే తల్లో" అని వీధి చివరి నుంచే అరుచుకుంటూ వచ్చేవాడు. చదువయ్యాక చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్లో సూపర్‌వైజరుగా చేరాడు. అక్కడ రాయి కోసే మిషను నడిపే అతనితో కలిసి ఇల్లు తీసుకున్నాడు. అతను మాలాగే తెలుగు మాట్లాడే సాయిబుల కుటుంబంవాడు, తల్లి పరుపులు కుట్టేది. అద్దె కలిసొస్తుందిలే అనుకున్నాం. మూడేళ్ళు గడిచి, తమ్ముడు తనకు సంబంధాలు చూడొద్దని తెగేసి చెప్పాక ఏమీ అనుకోవడం మానేశాం. నాకు తెలియక కాదు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద బియ్యం బస్తాలూ ఎండుమిరపకాయల మూటా ఎన్నాళ్ళనుంచో కదలకుండా ఉన్నాయి. తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు.

అతను తమ్ముడితో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అందరూ అతనికి కుర్చీ వేసేవాళ్ళు. కూర్చోండి, మంచినీళ్ళు తీసుకోండి, ఇంకొంచెం వడ్డించమంటారా అని ఒకటే మర్యాద. ఏళ్ళతరబడి ఆ మనిషితో మా ఇంట్లో ఒక్కళ్ళు కూడా ఒక్క పరాచికం ఆడలేదు.

పచ్చపురుగు పత్తిని తినేసి పల్నాడంతా ఏడ్చిన ఏడు దాటాక, రెండో వేసవిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి జరిగింది. ఆడపెళ్ళివారం మేమే. పెళ్ళికొడుక్కి ఒక అన్న ఉన్నాడు. నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదు. వరసకు నాకు పెద్దబావ. అలాంటి మనిషి దొరికితే వదులుతానా? పైగా ఆ పెళ్ళికి మైకు సెట్టు పెట్టించారు. భోజనాల బంతి సాగుతుండగా మైకు నా చేతికొచ్చింది. బంతిలో మా తమ్ముడూ అతనూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. చూశాను. చూసే మొదలుపెట్టాను.

"మీసమైతే ఉన్నది మా పెద్దబావకు
మోజు మాత్రం లేదంట ఆడపిల్లంటే
చీరె కట్టి పంపండి మా ఊరి సంతకు
ఆడంగి బావకు మొగుణ్ణి చూస్తాం"

పందిరి ఊగిపోయింది. పెద్దబావ కూడా పగలబడి నవ్వి, వేరే మొగుడెందుకు మరదలా, నువ్వు చాలవా అని నాకే తిప్పికొట్టాడు. అంతవరకూ అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. అప్పుడు మా వాళ్ళలోనే ఒకడు వడ్డిస్తున్న గరిటెతో మా తమ్ముడి పక్కనున్న అతని వైపు చూపించి, "సంతదాకా ఎందుకు, మొగుడు ఇక్కడే ఉన్నాడుగా" అన్నాడు. మైకు నా నోటి దగ్గరే ఉంది. ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. రెండో నవ్వు మొదటిదానిలా లేదు. తమ్ముడు సగం తిన్న విస్తరి మడిచి లేచాడు. అతనూ లేచాడు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. నేను ఇంకో పాట ఎత్తుకున్నాను. ఆపితే అందరికీ తెలిసిపోతుందని భయం.

ఆ రాత్రి మా ఆయన, ఇక పెళ్ళిళ్ళలో నోరెత్తావంటే బాగుండదని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన బాధ మా తమ్ముడి గురించి కాదు, ఊరు ఏమనుకుంటుందోనని. నా నోరు ముయ్యడానికి నువ్వెవరివని గట్టిగానే అడిగాను. పట్టుదలకు పోయి మరుసటి నెల ఇంకో పెళ్ళిలో పాడాను కూడా.

అదయ్యాక పది రోజులాగి వినుకొండ వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను. అద్దం బయట నలుగురు తమ వంతు కోసం నిలబడి నన్నే చూస్తున్నారు. పెళ్ళిలో తిట్లకు పట్టింపేమిటి, అమ్మమ్మల కాలం నుంచీ పాడుతున్నదే గదా, పెద్దబావ నవ్వినట్టే నువ్వూ నవ్వుంటే పోయేది గదా అని దబాయించాను. వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"పెద్దబావ ఎందుకు నవ్వడక్కా. రేపో మాపో ఆయనా పీటల మీద కూర్చుంటాడు. అప్పుడూ నువ్వే పాడతావు. మాకు పీటలు లేవు. లేని పెళ్ళికి తిట్లొక్కటే మిగిలినయ్యి."

"అయితే పాడొద్దంటావా?"

"అనను. నీ నోరు నీ ఇష్టం. నువ్వు పాడు. నేను ఆడ కూర్చోను, అంతే."

నోరు ముయ్యమంటే ఎదురు తిరగడం నాకు చేతనవును. పాడుకో, నేను మాత్రం రానని అంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, వాడు నన్ను అక్కా అన్నాడు. ఏమే తల్లో అనలేదు.

అక్కణ్ణుంచి తొమ్మిదేళ్ళు వాడు మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే మాట్లాడేవాడు. బాగున్నావా అక్కా, నడుం నొప్పి తగ్గిందా అక్కా, బావగారు బాగున్నారా. ఆ మర్యాద వింటుంటే నాకు అన్నం సహించేది కాదు. పెద్దబావకు మరుసటేడే పెళ్ళయింది, వాడు చెప్పినట్టే. నన్ను పిలిచారు. ఆ పాటే మళ్ళీ పాడమని అడిగారు కూడా. నేను పాడలేదు. ఎవరో వద్దన్నారని కాదు. అది నోట్లోకి రాలేదు. నోరు జారిందని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను గాని అది అబద్ధం. మా తమ్ముడి గురించి ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయని నాకు తెలుసు. అందరికంటే ముందు నేనే నవ్వేస్తే ఆ మాట మా ఇంటిదాకా రాదనుకున్నాను. నా పరువు కోసం వాణ్ణి బంతిలో కూర్చోబెట్టి పాడాను.

ఢిల్లీలో కోర్టు, ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని తీర్పు చెప్పిన రోజు టీవీలో ఒకటే అరుపులు. ఒకాయన ఆడంగి వెధవలనే మాట నాలుగుసార్లు అన్నాడు. అది నా పాటలోని మాటే. మా ఆయన చానల్ మార్చాడు. నేను సెల్‌ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాను.

"నేరం కాదన్నారంటగా" అన్నాను.

"నేరం కాదన్నారక్కా. పెళ్ళనలేదు."

కొన్ని దేశాల్లో రిజిస్టరు ఆఫీసులోనే సంతకాలు పెట్టించుకుంటున్నారని వాడు చెప్పాడు. ఇక్కడ ఇల్లు అద్దెకు అడిగినప్పుడల్లా మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని అడుగుతారట. ఇన్నేళ్ళుగా ఇంటికో అబద్ధం చెబుతున్నాడట. విన్నాను. తర్వాత, ఆ పాట నోరు జారి పాడింది కాదని, తెలిసే పాడానని ఒప్పుకున్నాను. "తెలుసు" అన్నాడు. ఇంటికి రమ్మని బతిమాలాను.

"వస్తాం. వస్తే అతన్ని ఏమని పిలుస్తావు? ఏమండీ కూర్చోండి అనేటట్టయితే మేం రాంలే అక్కా."

ఆలోచించి చెబుతానన్నాను. ఆరు నెలలు ఆలోచించాను, చెప్పలేదు.

మిరపకోతలు మొదలయ్యాయి. కల్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి. ఘాటుకు మూతికి గుడ్డలు కట్టుకుని పదిమంది కూలీ ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళ మధ్య నేనూ కూర్చుని ఏరుతున్నాను. ఆటో వచ్చి ఆగింది. ముందు ఒక ముసలామె దిగింది. ఆటో పైన తాళ్ళతో కట్టిన కొత్త పరుపు ఉంది. వెనక నుంచి అతను దిగాడు, ఆ తర్వాత మా తమ్ముడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఇద్దరూ కల్లం గట్టు మీదే ఆగిపోయారు. ముసలామె ఒక్కతే నా దాకా వచ్చింది.

"నీకు నడుం నొప్పంటగా అమ్మా. కొత్త దూదితో కుట్టినా. వీళ్ళు రామంటే నేనే లాక్కొచ్చినా."

కూర్చోండమ్మా, మంచినీళ్ళు తీసుకోండని నా నోటికి అలవాటుగా వచ్చేసింది. గట్టు మీద తమ్ముడు తల దించుకోవడం కనపడింది. కూలీల్లో ఒకావిడ మూతిగుడ్డ కిందికి లాగి, మా ఊళ్ళో ఎవరైనా అడిగే మాటే అడిగింది, ఈ ముసలామె మీకు ఏమవుతుందని. ముసలామె నా మొహంలోకి చూసింది.

"ఆమెనే అడగండమ్మా" అంది.

కల్లంలో కాయలు గలగలలాడటం ఆగిపోయింది. పదిమంది చేతులూ ఆగాయి. తమ్ముడి స్నేహితుడి తల్లి అంటే సరిపోతుంది. అందరూ మళ్ళీ తాలు ఏరుకుంటారు, సాయంత్రానికి తమ్ముడు ఆటో ఎక్కి వెళ్ళిపోతాడు, ఇక రాడు. మరొక మాటంటే పొద్దుగూకేలోపు ఊరంతా తెలుస్తుంది. మా ఆయన అవతల కాయలు నింపిన బోరెం మూతి కుడుతూ తలెత్తి చూస్తున్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ ఉంటే ఈమె అమ్మకు వియ్యపురాలు అయ్యేది. అమ్మ లేదు గనక నాకే. లేచి నిలబడి, చెంగు నడుముకు దోపుకుని ఎత్తుకున్నాను.

"పరుపులు కుట్టేటి మా వియ్యపురాలా
పడుకోను మావాడికి చాపైన ఇవ్వవా
ఊరంతటికీ నువ్వు మెత్తలు కుడితివి
అల్లుడి నడుముకు గచ్చే దిక్కా"

ఎవరూ నవ్వలేదు. ముసలామె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గొంతు సవరించుకుంది.

"మీ తమ్ముడు పెట్టే గురకకు ఏ పరుపు చాలుద్దమ్మా? ఊరి చివర పండబెట్టినా మాకు నిద్ర పట్టటల్లా."

ఒక ముసలి కూలామె ముందు నవ్వింది. ఆ తర్వాత ఇంకొకావిడ. ఇద్దరు మాత్రం చీరెలు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పనికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మా ఆయన బోరెం వదిలేసి చేలోకి నడిచాడు. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. నేను గట్టు మీదికి చూసి, ఇన్నేళ్ళలో మొదటిసారి అతనితో గట్టిగా పరాచికమాడాను, "ఏం మరిదీ, మోసుకొచ్చిన పరుపు దించవా, అదీ నేనే దించాలా?" అతను నవ్వబోయి నవ్వలేక, తాళ్ళు విప్పడానికి ఆటో వైపు తిరిగాడు.

మధ్యాహ్నం ముగ్గురికీ విస్తళ్ళు వేశాను. చట్టం చెయ్యాల్సిన పని నా పాటతో అయిపోదని నాకు తెలుసు. వాళ్ళు మళ్ళీ చీమకుర్తి వెళ్ళాక అద్దింటాయన ఏమవుతారని అడిగితే మళ్ళీ అబద్ధమే చెప్పాలి. ఆ ఆలోచనలో పడి వడ్డించడం మర్చిపోయాను. తమ్ముడు విస్తరి మీద చేత్తో టపటపా కొట్టాడు.

"ఏమే తల్లో, పెరుగు పోస్తావా, నీకే దాచుకుంటావా?"